అద్భుత రసాచార్యుడు విఠలాచార్య

తెలుగు నుడికారంలో స్థిరపడిన వ్యక్తినామాలు బహు స్వల్పం. దుష్కరమైన కార్యానికి పూనుకొన్నవానిది భగీరథ ప్రయత్నం అంటాము. ఎటూ కాక నడుమ వ్రేలాడేవానిది త్రిశంకు స్వర్గం అంటాము. నిద్రకు కుంభకర్ణుడు, కలహానికి నారదుడు ఉండనే ఉన్నారు. వీరందరూ పురాణపురుషులు. మన కాలాన పుట్టి, మన నడుమ తిరిగి, మన ఎరుకలోనే కన్నుమూసి, ఆ పురాణపురుషుల పంక్తిలో చోటు సంపాదించుకొన్న మనిషి ఒకరున్నారు. ఆయన బి. విఠలాచార్య. విన్న సంగతి నమ్మశక్యంగా లేకపోతే అది విఠలాచార్య సినిమావలె ఉన్నదని తెలుగువారు ఇప్పటికీ అంటూనే ఉన్నారు. అనేవారిలో పెక్కుమంది ఆయన చిత్రం ఒక్కటైనా చూచి ఉండరు.

ఈ నుడికారంలో ఒక అన్యాయం దాగి ఉన్నది. భగీరథుని పేరు తలచినప్పుడు గౌరవంతో తలవంచుతాము. విఠలాచార్య పేరు తలచినప్పుడు నవ్వుతాము. ఆ నవ్వులో కొంత ఆప్యాయత లేకపోలేదు. కాని అధికభాగం చిన్నచూపే.

ఈ అన్యాయంలో ఈ వ్యాసకర్తకు కూడ భాగం ఉన్నది. చాల సంవత్సరాల క్రిందట ఒక కళాశాలలో అలంకారశాస్త్రం బోధిస్తున్న రోజులలో, అద్భుత రసానికి ఉదాహరణ వ్రాయవలసినదని పరీక్షలో ప్రశ్న ఇచ్చినాను. విశాఖ ఓడరేవులో బరువులు మోసే కార్మికుని కుమారుడొకడు ప్రబంధ పద్యానికి మారుగా ‘జగన్మోహిని’ చిత్రంలోని ఒక ఘట్టాన్ని వర్ణించి పెట్టినాడు. నేను ఆ జవాబుపై ఎర్రసిరాతో అడ్డగీత గీసి సున్న వేసినాను. అంతటితో ఊరుకొనక తరగతిలో దానిని చదివి అందరినీ నవ్వించినాను. ఆ పిల్లవాడు మాత్రం నవ్వలేదు. తరువాత కొన్నేండ్లకు భరతుని నాట్యశాస్త్రం మరల తిరగవేస్తుండగా, అద్భుత రసానికి కారణభూతాలైన విభావాలలో ఆ మహర్షి మాయను, ఇంద్రజాలాన్ని, విమానాన్ని పేర్కొన్న చోటు కంటబడినది. అంతకు ముందు చదువనిది కాదు; చదివి కూడ పట్టించుకొననిది. ఆ విద్యార్థి జవాబు శాస్త్రసమ్మతం. నా ఎర్రగీతే శాస్త్రవిరుద్ధం. ఆ ఋణం కొంతైనా తీర్చుకొనడానికే ఈ జీవితకథను వ్రాస్తున్నాను.

విఠలాచార్య తెలుగునాట పుట్టినవారు కారు. 1920 జనవరిలో, నాటి దక్షిణ కన్నడ మండలంలో ఉడిపి చెంతనున్న ఉద్యావర గ్రామంలో జన్మించినారు. తండ్రి పద్మనాభాచార్యులు ఆయుర్వేద వైద్యులు. రోగుల వద్ద సొమ్ము పుచ్చుకొనకుండ మందిచ్చే ధర్మబుద్ధి గలవారు. ధర్మం కాపురమున్న ఇంట ధనం నిలువదు కదా! పిల్లలు పెక్కుమంది, రాబడి స్వల్పం. విఠలాచార్య చదువు మూడవ తరగతితో ముగిసినది. తొమ్మిదేండ్ల ప్రాయంలో ఆయన ఇల్లు విడిచి అరసికెరె చేరినారు. దొరికిన పనల్లా చేసి, కాలక్రమాన ఒక బంధువు నడుపుతున్న ఉడిపి హోటలును తామే కొని దక్షతతో నడిపినారు. పలక పట్టవలసిన వయసున పొట్టకూటికి వెడలిన బాలుడు యౌవనారంభానికే ఒక వ్యాపారానికి యజమాని అయినాడు.

ఆయన పుట్టిన సీమను గూర్చి ఒక్క మాట చెప్పవలసి ఉన్నది. పడమటి కనుమలకు, అరేబియా సముద్రానికి నడుమనున్న ఆ తుళునాడు యక్షగానానికి పుట్టినిల్లు. కోతలు ముగిసిన పొలాలలో రాత్రి తెల్లవార్లూ కిరీటాలు, భుజకీర్తులు ధరించిన వేషధారులు దేవదానవ యుద్ధాలు ప్రదర్శిస్తారు. అచటి భూతారాధన మరింత విలక్షణమైనది. భూతం అనగా అచట కేవలం భయపెట్టే దయ్యం కాదు. అది ఊరి కాపరి. ఏడాదికొకసారి పాత్రి శరీరంపై ఆవహించి, కాగడాల వెలుగులో గంతులు వేసి, ఊరి తగవులు విని తీర్పు చెబుతుంది. బలవంతుడు బలహీనుని పొలం కాజేస్తే అతనిని నిలదీసేది ఆ భూతమే. ఇట్టి వాతావరణంలో కన్ను తెరచిన పిల్లవానికి భూతం అంటే భయంతో బాటు భరోసా కూడ కలగడంలో వింత లేదు. పెద్దవాడైన తరువాత ఆయన తీసిన చిత్రాలన్నిటికీ ఈ రెండు భావాల కలయికే మూలధాతువు అని నా నమ్మకం.

1942లో దేశమంతట క్విట్ ఇండియా ఉద్యమం చెలరేగినది. హోటలు యజమాని తన గల్లాపెట్టె ముందు కూర్చుండి లోకాన్ని చూస్తూ ఊరుకొనవచ్చును. విఠలాచార్య ఊరుకొనలేదు. మిత్రులతో కలిసి ఉద్యమంలో పాల్గొని చెరసాలకు వెళ్ళినారు. విడుదలై వచ్చిన పిదప హోటలును తమ్మునికి అప్పగించి, స్నేహితులతో కలిసి హాసన్ మండలంలో డేరా సినిమా నెలకొల్పినారు. సినిమా చూపేవానిగా ప్రారంభించి తరువాత తీసేవానిగా మారడం ఆయన కళకు గొప్ప మేలు చేసినది.

డేరా సినిమా అంటే ఏమిటో నేటి యువకులకు తెలియకపోవచ్చును. ఊరి వెలుపల మైదానంలో గుడారం వేసి, ఎడ్లబండ్లపై యంత్రం, తెర తెచ్చి, సాయంకాలం పాటలు వేసి జనాన్ని పిలిచి ఆట ఆడించేవారు. నేలపై ఇసుకలో కూర్చున్న ప్రేక్షకుడే ఆ పరిశ్రమకు రాజపోషకుడు. అతడు పగలంతా నాగలి పట్టినవాడు. చిత్రం నచ్చకపోతే అక్కడనే నిద్రపోతాడు. నచ్చితే ఈలవేసి మరునాడు ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకొని వస్తాడు. ఏ ఘట్టంలో బిడ్డను ఎత్తుకొన్న తల్లి కన్నార్పకుండ చూస్తున్నదో, ఏ ఘట్టంలో ముసలివాడు చుట్ట వెలిగించుకొనడానికి బయటికి వెళుతున్నాడో విఠలాచార్య కండ్లారా గమనించినారు. ఏ విశ్వవిద్యాలయమూ ఇవ్వజాలని విద్య అది.

అనంతరం ఆయన మైసూరు చేరి డి. శంకర్ సింగ్ మున్నగు మిత్రులతో కలిసి మహాత్మా పిక్చర్స్ సంస్థలో పాలుపంచుకొన్నారు. 1949 నాటి ‘నాగకన్నిక’, 1951 నాటి ‘జగన్మోహిని’ ఆ సంస్థకు పేరు తెచ్చిన కన్నడ జానపద చిత్రాలు. దర్శకునిగా విఠలాచార్య తొలి చిత్రాలలో 1952 నాటి ‘శ్రీనివాస కల్యాణ’ ఒకటి. తరువాత విఠల్ ప్రొడక్షన్స్ అను సొంత సంస్థను స్థాపించుకొని, మద్రాసుకు తరలివచ్చి, 1955లో ‘కన్యాదానం’ చిత్రంతో తెలుగు ప్రేక్షకుల ముంగిట నిలిచినారు. అది సాంఘిక చిత్రమే. మాయలు, మంత్రాలు తప్ప మరేమీ ఎరుగని దర్శకుడని ఆయనను తీసివేసేవారు ఈ సంగతి జ్ఞాపకముంచుకోవాలి.

నాటికి తెలుగున జానపద చిత్రం మంచి ఊపులో ఉన్నది. 1947లో ‘గొల్లభామ’, 1948లో ‘బాలరాజు’, 1949లో ‘కీలుగుఱ్ఱం’ వచ్చినవి. 1951లో కె.వి. రెడ్డిగారు ‘పాతాళభైరవి’ తీసి ఆ శాఖకు శిఖరం నిర్మించినారు. పాతాళ గుహలో నిలిచిన మహావిగ్రహం ప్రాణం పోసుకొని భక్తునితో మాటలాడే ఘట్టం చూచి ఆంధ్రదేశమంతా పులకించినది. 1957లో అదే దర్శకుడు ‘మాయాబజార్’ తీసినారు. విజయా వారి ధనబలం, సువిశాలమైన స్టూడియో, మార్కస్ బార్ట్లే వంటి ఛాయాగ్రాహకుని నైపుణ్యం ఆ చిత్రాలకు అండగా నిలిచినవి. ఆ శిఖరాన్ని చూచిన తరువాత మరొకడు అదే దారిన నడవడానికి సాహసించడు.

విఠలాచార్య సాహసించినారు. విజయా వారి సంపదలో పదవ వంతైనా లేనివాడు, కేవలం పొదుపును, పట్టుదలను పెట్టుబడిగా పెట్టి అదే అద్భుతాన్ని సామాన్యునికి సంవత్సరం పొడవునా అందించడానికి పూనుకొన్నాడు. 1959లో కాంతారావు కథానాయకుడుగా ‘జయ విజయ’ వచ్చినది. 1960లో ‘కనకదుర్గ పూజామహిమ’, 1962లో ‘మదనకామరాజు కథ’, 1963లో ‘గురువును మించిన శిష్యుడు’, 1964లో ‘నవగ్రహ పూజామహిమ’, 1965లో ‘జ్వాలాద్వీప రహస్యం’ వరుసగా వెలువడినవి. కత్తి కాంతారావు అను పేరు తెలుగునాట ఇంటింటా మ్రోగినది. రాజనాల మాంత్రికుని పాత్రలో గడ్డం నిమురుకొంటూ కన్నెఱ్ఱ చేస్తే నేలతరగతిలో పిల్లలు తల్లుల కొంగులలో తలలు దాచుకొన్నారు.

ఆయన చిత్రాలలోని కథలు ఎక్కడివి? ఇవి ఆకాశం నుండి ఊడిపడినవి కావు. గుణాఢ్యుని బృహత్కథ నాటి నుండి భారతదేశాన ప్రవహిస్తున్న కథావాహినిలోనివే. కొరవి గోపరాజు సింహాసన ద్వాత్రింశికలోను, పింగళి సూరన కళాపూర్ణోదయంలోను, మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలలోను ఉన్నది ఈ సరుకే. పరకాయ ప్రవేశం, రూపాంతరం, శాపం, ఏడు సముద్రాల ఆవల చిలుకలో దాచిన ప్రాణం ఇవన్నీ మన పూర్వులు తరతరాలుగా నమ్మి, నమ్మక, ఆనందించిన కల్పనలు. సూరనలో ఇదే కల్పన కనబడితే ప్రబంధ శిల్పమని పాఠం చెబుతాము. విఠలాచార్య తెరపై కనబడితే పామరరంజకమని పెదవి విరుస్తాము. ఈ ద్వంద్వనీతి నేను చాలకాలం పాటించినదే కనుక దీని బోలుతనం నాకు బాగుగా తెలుసును.

ఇక ఆయన మాయల రహస్యం. నేటివలె గణకయంత్రాలు చిత్రాలు గీసిపెట్టే కాలం కాదది. చేయవలసినదంతా కెమెరాలోనే చేయాలి. ఒక మనిషి పక్షిగా మారవలెనంటే, నటుడు కదలక నిలుచుండగా కెమెరాను ఆపి, అతనిని తప్పించి, అదే చోట పక్షిని ఉంచి మరల తిప్పాలి. ఒకే నటుడు రెండు పాత్రలలో ఎదురెదురుగా నిలువవలెనంటే, కటకానికి సగభాగం నల్లని మూత వేసి ఒక పక్క చిత్రించి, ఫిల్మును వెనుకకు చుట్టి, మూతను రెండవ పక్కకు మార్చి మరల చిత్రించాలి. ఈ రెండు పర్యాయాల నడుమ కెమెరా వెంట్రుకవాసి కదిలినా నడిమి గీత బయటపడి మాయ అంతా నవ్వులపాలవుతుంది. దయ్యం గోడలోనుండి నడచిరావలెనంటే, నల్లని తెర ముందు నటుని చిత్రించి, ఆ బింబాన్ని మునుపు తీసిన గోడపై పడవేయాలి. రాక్షసుడు తాటిచెట్టంత కనబడవలెనంటే, అతనిని కెమెరాకు దగ్గరగాను, తక్కిన వారిని దూరంగాను నిలిపి, కెమెరాను నేలకు ఆనించి చూపాలి. కోట కూలవలెనంటే చిన్న నమూనా కట్టి, ఫిల్మును మామూలుకంటె వేగంగా త్రిప్పి చిత్రిస్తే, తెరపై ఆ చిన్న ఇటుకముక్క కూడ బండరాయివలె నెమ్మదిగా, బరువుగా పడుతుంది.

ఇందులో ఏ ఒక్కటీ ఆయన కనిపెట్టినది కాదు. ప్రపంచమంతట తెలిసిన ఉపాయాలే. కాని ఇన్ని ఉపాయాలను, ఇంత తక్కువ వ్యయంతో, ఇంత తక్కువ వ్యవధిలో, ఇన్ని చిత్రాలలో అమలు జరపడం ఆయన ప్రత్యేకత. ఒకసారి గురి తప్పితే వెనుక తీసినది కూడ వ్యర్థమయ్యే పనిలో మరల మరల తీయడానికి డబ్బు లేనివాడు ముందుగానే లెక్క సరిచూచుకోవాలి. హోటలు గల్లాపెట్టె వద్ద నేర్చిన లెక్క ఇక్కడ కూడ అక్కరకు వచ్చినది కాబోలు.

ఈ సందర్భాన సముద్రం ఆవలి ఒక దృష్టాంతం చెప్పాలనిపిస్తున్నది. 1960వ దశకంలో బైలాడిల గనుల ఇనుపరాయి మన విశాఖ రేవుకు చేరి ఓడలకెక్కి జపానుకు తరలిపోయేది. ఆ రాయి వెళ్ళిన దేశంలో ఆ రోజులలోనే మరొక రాయి తెరపై ప్రాణం పోసుకొన్నది. జపాను చిత్రాలనగానే అందరికీ స్ఫురించేది 1954 నాటి ‘గాడ్జిల్లా’. హోండా ఇషిరో దర్శకత్వంలో, త్సుబురాయా ఎయిజి మాయాచిత్రణంతో వచ్చిన ఆ మహాభూతం లోకప్రసిద్ధమైనది. కాని ఆ కీర్తి నీడలో మరుగునపడిన చిత్రాలు కొన్ని ఉన్నవి. అవి నేటి నగరాలను కాక, పూర్వపు రాజుల కాలాన్ని రంగస్థలంగా గ్రహించినవి. అనగా వారి జానపదాలు. 1959లో, మన ‘జయ విజయ’ వచ్చిన యేడే, జపాను పురాణగాథలపై తీసిన ఒక చిత్రంలో ఎనిమిది తలల మహాసర్పాన్ని త్సుబురాయా ఆడించినారు. 1966లో డాయెయి అను సంస్థ ‘డాయిమాజిన్’ అను పేర ఒక శిలామూర్తి కథను మూడు చిత్రాలుగా ఒకే సంవత్సరంలో విడుదల చేసినది.

మొదటి చిత్రం కథ ఇది. ఒక సామంతుని అతని సేవకుడే వధించి రాజ్యం కాజేస్తాడు. ప్రభువు పిల్లలు కొండపై దాగి పెరుగుతారు. ఆ కొండపై ఒక మహాశిలావిగ్రహం ఉన్నది. ప్రజలు దానిని దైవంగా భావిస్తారు. ప్రజల నమ్మకాన్ని నాశనం చేయదలచి ఆ దుష్టుడు విగ్రహాన్ని పగులగొట్టవలసినదని ఆజ్ఞాపిస్తాడు. నుదుట ఉలి దిగగానే రాతినుండి రక్తం కారుతుంది. ప్రభువు కుమార్తె కన్నీటితో ప్రార్థిస్తుంది. విగ్రహం కదులుతుంది, చేయి ముఖానికి అడ్డంగా కదల్చగానే ప్రశాంత వదనం మాయమై రౌద్ర వదనం కనబడుతుంది. ఆ మూర్తి కోటను కూల్చి, తన నుదుటి ఉలితోనే పాపిని సంహరిస్తుంది. అంతటితో కోపం చల్లారదు. మంచివారిపైకి కూడ నడచివస్తుంది. చివరకు ఆ బాలిక కన్నీరే దానిని శాంతింపజేస్తుంది.

ఈ కథ చూచిన తెలుగువానికి పరాయి దేశపు కథ చూచినట్లుండదు. విశాఖవాసికి మరీ ఉండదు. స్తంభం చీల్చుకొని వెలువడిన నరసింహుడు హిరణ్యకశిపుని సంహరించిన తరువాత కూడ శాంతింపలేదు; పసివాడైన ప్రహ్లాదుడే ఆయనను శాంతింపజేయవలసి వచ్చినది. మన సింహాచలంపై వెలసిన స్వామిని ఏడాది పొడవునా చందనపు పూతలో ఉంచి, అక్షయ తృతీయ నాడు మాత్రమే నిజరూప దర్శనం ఇప్పించడంలోని భావం కూడ ఇదే కదా! దైవంలోని ఆగ్రహం ధర్మానికి అవసరం. కాని దానికి చల్లదనం కూడ కావాలి. జపాను శిల్పి, తుళునాటి భూతం, సింహాద్రి స్వామి, విఠలాచార్య తెరపై అమ్మవారు ఒకే సత్యాన్ని వేరువేరు భాషలలో చెబుతున్నారు. దిక్కులేనివానికి దిక్కు ఒకటున్నదన్న ఆశ ఆ సత్యానికి ప్రాణం. పగలంతా రేవులో మూటలు మోసి, రాత్రి నేలతరగతిలో కూర్చున్నవాడు తాను కొనుక్కొన్నది కేవలం రెండున్నర గంటల వినోదం కాదు. దుర్మార్గునికి శిక్ష పడడం అతడు నిత్యజీవితంలో చూడలేదు, తెరపైన చూచినాడు.

ఆ జపాను చిత్రాలకు, విఠలాచార్య చిత్రాలకు మరొక పోలిక ఉన్నది. ‘గాడ్జిల్లా’కు సంగీతం కూర్చిన ఇఫుకుబే అకిరాయే ఆ శిలామూర్తి చిత్రాలకు కూడ సంగీతం కూర్చినారు. ఆ శిలామూర్తిని గాడ్జిల్లావలె కొండంత చేయక మనుషులకంటె కొన్నింతలు మాత్రమే పెద్దదిగా చూపినారు కనుక నమూనా గృహాలను పెద్దవిగా, మిక్కిలి సహజంగా నిర్మించినారు. ఇంత శ్రద్ధ చూపినా ప్రపంచం గాడ్జిల్లానే జ్ఞాపకముంచుకొన్నది. తీసిన సంస్థ 1971లో దివాలా తీసినది. మన దేశంలో కూడ అంతే. మాయాబజార్ ప్రస్తావన లేని సినిమా వ్యాసం ఉండదు. జ్వాలాద్వీప రహస్యం ప్రస్తావన ఉన్న వ్యాసం అరుదు. మహావృక్షం క్రింద మొలచిన మొక్కలకు ఎండ తగలదు.

1963లో విఠలాచార్య జీవితం ఒక మలుపు తిరిగినది. నందమూరి తారక రామారావు కథానాయకుడుగా, కృష్ణకుమారి నాయికగా ‘బందిపోటు’ తీసినారు. ఇందులో మంత్రాలు లేవు. ప్రజలను పీడించే పాలకులపై కత్తి దూసిన వీరుని కథ ఇది. ఘంటసాల సంగీతం ఈ చిత్రానికి అమృతతుల్యమైనది. తరువాత 1964లో ‘అగ్గిపిడుగు’, 1965లో ‘మంగమ్మ శపథం’, 1970లో ‘లక్ష్మీకటాక్షం’, ‘ఆలీబాబా 40 దొంగలు’, 1971లో ‘రాజకోట రహస్యం’ వీరిరువురి కలయికలో వచ్చినవి. రాముడుగా, కృష్ణుడుగా పూజలందుకొన్న మహానటుడు ఈ మూడవ తరగతి చదివిన దర్శకుని మాట మన్నించి కత్తి పట్టినాడు. పండితులు మెచ్చని దానిలో ఆ నటుడు విలువను గుర్తించినాడు.

విఠలాచార్య పనితీరు సినిమాలోకంలో సామెతలకెక్కినది. అనుకొన్న వ్యయం దాటరాదు. అనుకొన్న గడువు దాటరాదు. ఒక చిత్రానికి వేసిన సెట్టు రూపురేఖలు మార్చుకొని మరొక చిత్రంలో కనబడేది. ఆయనను గూర్చి ఒక కథ ప్రచారంలో ఉన్నది. ఎవరైనా నటుడు పారితోషికం దగ్గర పేచీపెట్టినా, చెప్పిన వేళకు రాకపోయినా, ఆయన కోపగించుకొనేవారు కారట. కథలో ఒక ముని చేత శాపం ఇప్పించి ఆ పాత్రను చిలుకగానో, కోతిగానో మార్చివేసి చిత్రీకరణ సాగించేవారట. ఇది ఎంతవరకు జరిగినదో గాని, ఈ కథ పుట్టడానికి తగిన మనిషి ఆయన. జానపద కథలు తీసినవాడు తానే ఒక జానపద కథానాయకుడైనాడు.

లోపాలు చెప్పకపోతే ఈ ప్రశంస స్తోత్రపాఠం అవుతుంది. ఆయన చిత్రాలలో పునరుక్తి అధికం. ఒక గుహ చూచినవాడు పది గుహలు చూచినట్లే. తొందరలో తీసిన చోట గీతలు, తాళ్ళు కనబడేవి. కథలను ఎక్కడ దొరికితే అక్కడ నుండి గ్రహించినారు. ‘అగ్గిపిడుగు’లో ఒకరి గాయం మరొకరికి నొప్పి కలిగించే కవలల కల్పన ఫ్రెంచి రచయిత డ్యూమా నవలలోనిది. చివరి దశ చిత్రాలలో నృత్యాలు శృంగారపు హద్దు దాటి ప్రవర్తించినవి. ఆడదానిని మోహినిగానో, పతివ్రతగానో తప్ప మరొక విధంగా చూడని దృష్టి వాటిలో ఉన్నది. ఇవి ఆయన దోషాలు. కొన్ని ఆ కాలపు దోషాలు కూడ. కాని శ్లోకంలో ఒక పాదం కుంటుపడినంత మాత్రాన కావ్యాన్ని గోదావరిలో కలిపివేయము కదా!

1970వ దశకం గడిచేకొలది జానపద చిత్రాల కాలం చెల్లినదని అందరూ అనుకొన్నారు. ప్రేక్షకుల అభిరుచి సాంఘికాల వైపు మరలినది. ఆ తరుణంలో, 1978లో, 58 ఏండ్ల విఠలాచార్య ‘జగన్మోహిని’ తీసినారు. తాను ఒకప్పుడు భాగస్వామిగా ఉన్న సంస్థ కన్నడాన తీసిన చిత్రం పేరునే ఈ తెలుగు చిత్రానికి పెట్టుకొన్నారు. నరసింహరాజు, జయమాలిని ముఖ్యపాత్రధారులు. తెలుగునాటనే కాక అనువాద రూపంలో తమిళనాట కూడ ఆ చిత్రం ఘనవిజయం పొందినది. చెల్లిపోయినదన్న నాణెం బంగారమని తేలినది.

నేను దానిని ఎనిమిదేండ్ల వయసున మా నాయనమ్మ పక్కన కూర్చుండి విశాఖ పాతనగరంలో చూచినాను. పొయ్యిలోకి కట్టెలు లేక మోహినీభూతం తన కాళ్ళనే పొయ్యిలో పెట్టి వంట చేసే ఘట్టం వచ్చినది. హాలంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టినది. ఆ వెంటనే ఎవరో నవ్వినారు. ఆ తరువాత అందరూ నవ్వినారు. మా నాయనమ్మ నవ్వలేదు. కట్టెలపొయ్యి ముందు యాభై ఏండ్లు కూర్చున్న మనిషి ఆమె. వానకాలంలో తడిసిన కట్టెలు రాజుకొనక కన్నీరు కార్చిన రోజులు ఆమెకు తెలుసును. ఇంటివారికి అన్నం వండడానికి ఆడది తన కాళ్ళనే కాల్చుకొనడం ఆమెకు వింతగా తోచి ఉండదు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. భయానకం, హాస్యం, అద్భుతం, వీటి అడుగున ఒకింత కరుణ ఇన్నీ ఒక్క ఘట్టంలో పొందుపరచిన దర్శకుని పామరుడని అనడానికి తరువాత నాకు పుస్తకాలు చదివిన అహంకారం కావలసి వచ్చినది. నా విద్యార్థి తన జవాబులో వర్ణించినది కూడ ఆ ఘట్టాన్నే.

‘జగన్మోహిని’ తరువాత ‘గంగాభవాని’, ‘మదనమంజరి’, ‘నవమోహిని’, ‘మోహినీ శపథం’ మున్నగు చిత్రాలు 1980వ దశకంలోకి సాగినవి. ఆ సరళి క్రమంగా సన్నగిల్లినది. 1992లో ‘కరుణించిన కనకదుర్గ’ తీసినప్పుడు ఆయన వయస్సు 72 సంవత్సరాలు. అంతలో యుగం మారినది. 1995లో కోడి రామకృష్ణ ‘అమ్మోరు’ చిత్రంలో గణకయంత్ర సహాయంతో అమ్మవారి విశ్వరూపం చూపినారు. మూతలు, నల్లతెరలు, తిరగచుట్టిన ఫిల్ములు అక్కరలేని రోజులు వచ్చినవి. కాని సాధనం మారినది గాని వస్తువు మారలేదు; దిక్కులేని స్త్రీ మొరపెట్టుకొనడం, దైవం రౌద్రమూర్తియై దిగిరావడం విఠలాచార్య బాటలోనివే. 2009లో ‘అరుంధతి’, 2015లో ‘బాహుబలి’ వచ్చినప్పుడు ప్రపంచం తెలుగు జానపదాన్ని చూచి ఆశ్చర్యపడినది. ఆ ఆశ్చర్యాన్ని నేలతరగతివారు అర్ధశతాబ్దికి ముందే అనుభవించినారు.

1999 మే 28న చెన్నైలో విఠలాచార్య పరమపదించినారు. ఆయనను ప్రజలు జానపద బ్రహ్మ అన్నారు. ఏ సంస్థ ఇచ్చిన బిరుదాన్ని మించినదైనా, చదువుకొన్నవారి నోట ఆ బిరుదులో కూడ ఒక చిరునవ్వు ధ్వనిస్తూనే ఉన్నది.

పాఠక మహాశయులకు ఒక మనవి. సెలవురోజున ‘బందిపోటు’ చూడండి; ఆ వెంటనే ‘గురువును మించిన శిష్యుడు’ చూడండి; చివర ‘జగన్మోహిని’ చూడండి. వీలైతే జపానువారి శిలామూర్తిని కూడ చూచి, కన్నీటికి రాయి కరగడం అచట ఎట్లు చూపినారో, ఇచట ఎట్లు చూపినారో పోల్చండి. పక్కన ఒక పిల్లవానిని కూర్చుండబెట్టుకొని చూడడం మరీ మంచిది. తాడు కనబడిన చోట మనకు తాడే కనబడుతుంది; వానికి మాత్రం ఎగిరే గుఱ్ఱం కనబడుతుంది.

ఆ విద్యార్థి ఇప్పుడెక్కడ ఉన్నాడో నాకు తెలియదు. నడివయసు దాటి ఉంటాడు. వానికి కూడ పిల్లలుంటారు. ఆ జవాబుపత్రం నా వద్ద లేదు. ఉన్నట్లయితే ఆ ఎర్రగీతను కొట్టివేసి, సున్న స్థానంలో పూర్తి మార్కులు వేసి, క్రింద నా సంతకం చేసి ఉండేవాడిని.